బంగారు గేట్ల చౌక్‌లో సంగు మోగిన పూట

ఒకప్పుడు బంగారు గనులున్న మా ఊరిగాంలో ఇప్పుడు నాకు మంచి పేరుంది. డెబ్బై దాటిన చిన్నమ్మను ఫ్రాన్సు దాకా తీసుకుపోయి, కంటికి రెప్పలా చూసుకుని, క్షేమంగా తిరిగి తెచ్చానని చర్చిలో అందరూ అంటారు. తీసుకుపోవడం నిజం. తిరిగి తేవడం నిజం. మధ్యలో చెప్పే మాటే నిజం కాదు. అది నాకూ చిన్నమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె చెప్పదు, నన్ను చెప్పనివ్వదు. వాళ్ళు మెచ్చుకున్న ప్రతిసారీ నాకు దొంగతనం చేసి బహుమతి తీసుకున్నట్టుంటుంది.

చిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు. ఆమె ఒక్కగానొక్క కూతురు చిన్న వయసులోనే మఠంలో చేరి సిస్టరయింది. ఫ్రాన్సులో నాన్సీ అనే ఊళ్ళో ఒక కాన్వెంటులో మంచాన పడ్డ ముసలి సిస్టర్లకు సేవ చేస్తూ ఉంటుంది. కిందటేడు ఈస్టర్ తర్వాత ఆమె మఠ జీవితానికి రజతోత్సవం చేశారు. ఇంటి తరఫున ఇద్దరు రావచ్చన్నారు. తల్లి సరే, తోడెవరు? "నీకు ఇంగ్లీషు వస్తుంది కదా, నువ్వే పో" అని ఇంట్లో అందరూ నన్ను ముందుకు తోశారు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు టీచరును. ఆ ఊళ్ళో దిగాక తెలిసింది, నా ఇంగ్లీషు అక్కడ చెల్లని కాసని. చిన్నమ్మ కూతురు, మా చెల్లెలు, పక్కన లేకపోతే మంచినీళ్ళు అడగడానికి కూడా నాకు చేతులే దిక్కయ్యాయి.

చిన్నమ్మకు ఆ ఇబ్బందే లేదు. ఆమె అందరితోనూ తెలుగే మాట్లాడింది. కాన్వెంటు వంటగదిలో దూరి, వెంట తెచ్చుకున్న రాగిపిండితో సంకటి కెలికి, ముసలి సిస్టర్లకు వడ్డించింది. వాళ్ళు దాన్ని ఫోర్కుతో పొడుచుకుని తింటుంటే పక్కనే నిలబడి, "అట్ల కాదమ్మా, మింగాల, నమలకూడదు" అని గొంతు తడిమి చూపించింది. వాళ్ళు మింగారు కూడా. నాకు మాత్రం సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

నాకు సిగ్గు ఎక్కువ. కోపమూ ఎక్కువే. పిల్లల్ని 'నిటారుగా నిలబడు, గట్టిగా నమలకు, నలుగురు చూస్తున్నారు' అని అదిలించి అదిలించి, ఆ నలుగురు ఎప్పుడూ నా వెనకాలే నిలబడి ఉంటారన్న భ్రమ నాలో గట్టిపడిపోయింది. ఫ్రాన్సుకు పోయేటప్పుడు ఆ నలుగురినీ వెంటబెట్టుకుపోయాను.

అక్కడి నడిబొడ్డు చౌక్ గురించి పోకముందే నాకు పిచ్చి పట్టింది. ఫోనులో దాని ఫోటోలు చూస్తూ ఎన్ని రాత్రులు నిద్ర పాడు చేసుకున్నానో. ఎప్పుడో ఒక రాజు కట్టించాడట, ఆయన పేరుతోనే పిలుస్తారు. వెడల్పాటి లేతరంగు రాతి నేల. చుట్టూ ఒకే ఎత్తులో మేడలు. నడుమ ఆ రాజు విగ్రహం వేలు చూపిస్తూ నిలబడి ఉంటుంది. మూలల్లో నల్లటి ఇనప గేట్లు, వాటి తీగలకూ పువ్వులకూ బంగారు రేకు. ఇవన్నీ బాగున్నాయి గానీ, నన్ను పట్టుకున్నది ఇవి కాదు. ఒక ఫోటోలో, ఆరుబయట వేసిన కాఫీ హోటలు కుర్చీలో, నా వయసున్న ఒక ఆడమనిషి ఒంటరిగా కూర్చుని ఉంది. ముందు చిన్న కప్పు. ఆమెను ఎవరూ పిలవడం లేదు, ఏమీ అడగడం లేదు. నేనూ జీవితంలో ఒక్కసారి అట్లా కూర్చోవాలనుకున్నాను. ఇంతకంటే పెద్ద కోరిక నాకేమీ లేదు.

ఉత్సవం అయిన తర్వాత ఒక బుధవారం మా చెల్లెలు మమ్మల్ని ఆ చౌక్‌లో దింపింది. ఒక ముసలి సిస్టర్‌ను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, ఒంటిగంటకు వచ్చేస్తానంది. "అక్కా, అమ్మను విడిచిపెట్టొద్దు" అని నాకు చెప్పి పోయింది. నాకు చెప్పాలా అన్నట్టు చూశాను.

ఎండ ఉంది కానీ గాలి చురుక్కుమంటోంది. చిన్నమ్మ నూలు చీర మీద ఎవరో సిస్టర్ ఇచ్చిన మగవాళ్ళ కోటు, తలకు కోతిటోపీ, కాళ్ళకు మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు. బూట్లు కొనిస్తే కరుస్తున్నాయని విప్పేసింది. చౌక్ మధ్యన నిలబడి చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేం సర్కిలమ్మా, ఒక్క బస్సు లేదు!"

మా వైపు నాలుగు దారులు కలిస్తే అది సర్కిలే, అక్కడ బస్సు ఆగాలి, పూలమ్మే మనిషి ఉండాలి. ఆ తర్వాత గేట్ల దగ్గరికి పోయి, బంగారు ఆకును వేలితో తడిమింది.

"నిజం బంగారమేనా?"

"రేకు చిన్నమ్మా, పైపూత."

"రేకయితే మాత్రం! ఇట్ల బయట పెట్టి ఒక్క కావలోడు లేడే. మీ చిన్నాయన్ని గని గేటు కాడ పొద్దున్నా సాయంకాలం తడిమి తడిమి పంపేవాళ్ళు, జేబులో రాయి ముక్క ఉండాదేమోనని."

గట్టిగా అంది. ఆమె ఏదన్నా గట్టిగానే అంటుంది, గనుల పక్కన పెరిగిన గొంతు. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని ఫౌంటెన్ పక్కనున్న రాతి గట్టు మీదికి తీసుకుపోయి కూర్చోబెట్టాను. గట్టుకు ఆ చివర బూడిదరంగు కోటు వేసుకున్న ఒక ఫ్రెంచి ముసలమ్మ కాళ్ళ దగ్గర సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్నమ్మ ఆమెకు "బాగుండారా?" అని నవ్వింది. తన సంచిలోంచి స్టీలు బాక్సు తీసింది. మూత తీయగానే నిమ్మకాయ చిత్రాన్నం వాసన, వేరుసెనగ వాసన, ఇంగువ వాసన.

"పాపా, రా, రెండు ముద్దలు తిను. పొద్దున కూడా సరిగ్గా తినలేదు నువ్వు."

యాభై దాటినా ఆమెకు నేను పాపనే. చేత్తో ముద్ద కలిపి, నా నోటి ముందుకు చాచింది. ఆ మేడల మధ్య, ఆ విగ్రహం ఎదుట, ఆమె పసుపు వేళ్ళు. అవతల టేబుళ్ళ దగ్గర మనుషులు మావైపే చూస్తున్నారనిపించింది. చూస్తున్నారో లేదో నాకిప్పటికీ తెలియదు.

"నాకొద్దు చిన్నమ్మా. నేను బాత్‌రూముకు పోయి వస్తా. సుమ్నే కదలకుండా ఇక్కడే కూర్చో, లేవొద్దు."

"యాడ ఉండాది అది? నేనూ వస్తా."

"దూరం. నువ్వు నడవలేవు."

దూరం లేదు. బాత్‌రూమూ లేదు. చౌక్‌కు అడ్డంగా నడిచి, కాఫీ హోటలు వాళ్ళు బయట వేసిన కుర్చీలలో వెనక వరసకు పోయాను. హోటలు మనిషి వచ్చి ఎదుటి ఖాళీ కుర్చీ చూపిస్తూ ఏదో అడిగాడు. ఇంకెవరైనా వస్తారా అని. నేను ఒక వేలు చూపించాను. ఒక్కదాన్నే.

చిన్న కప్పులో కాఫీ, పైన తెల్లటి చక్కెర పొడి చల్లిన పళ్ళ తీపి రొట్టె తెచ్చి పెట్టాడు. నా ఫోటో నేనే తీసుకున్నాను, ఒకటి కాదు, చాలా. ఫౌంటెన్ వైపు చూస్తే కోతిటోపీ కనిపిస్తూనే ఉంది. చిన్నమ్మ ఆ ఫ్రెంచి ముసలమ్మకు బాక్సు మూతలో చిత్రాన్నం పెట్టి ఇస్తోంది. ఆమె తీసుకుంది. హాయిగా అనిపించింది. ఇద్దరికీ బాగానే ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఊరిగాంలో నేను చూసుకోవలసిన మనుషులు, ఇల్లు, బడి, ఏవీ అప్పుడు గుర్తు లేవు. అంత సుఖంగా నేనెప్పుడూ లేను.

అప్పుడు సైరన్ మోగింది.

ఎక్కడో మేడల పైనుంచి లేచింది. సన్నగా మొదలై, పైకి పోయి, కిందికి జారి, మళ్ళీ పైకి. నా చెంచా గాలిలో ఆగిపోయింది. పక్క టేబుళ్ళ వాళ్ళు తల కూడా ఎత్తలేదు. నెలకొకసారి, మొదటి బుధవారం మధ్యాహ్నం, ఫ్రాన్సంతటా సైరన్లు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి మోగిస్తారట. ఆ సంగతి మా చెల్లెలు తర్వాత చెప్పింది. అప్పుడు నాకు తెలియదు. చిన్నమ్మకు అసలే తెలియదు.

గని సైరన్‌ను మా ఊళ్ళో సంగు అనేవాళ్ళు. షిఫ్టుకు మోగే సంగును ఎవరూ పట్టించుకోరు, దాన్ని బట్టి పొయ్యి వెలిగించుకునేవాళ్ళు. వేళ కాని వేళ మోగితే మాత్రం లోపల బండ పేలిందని అర్థం. అప్పుడు కూలీల ఇళ్ళ లైన్లన్నీ ఒక్కసారిగా లేచేవి. దానికొక పద్ధతుండేది, ఎవరు పెట్టారో తెలియదు. ఏ ఆడమనిషీ గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి ఒంటరిగా పోకూడదు. పక్కింటామె వచ్చి చెయ్యి పట్టుకోవాలి. మాటలు లేనివాళ్ళయినా సరే, నిన్న కొళాయి దగ్గర బిందెలతో కొట్టుకున్నవాళ్ళయినా సరే. ఎవరి మనిషి పోయాడో షాఫ్టు గేటు దగ్గరికి పోతే గానీ తెలియదు. ఆ మాట చెవిన పడేటప్పుడు చేతిలో ఒక చెయ్యి ఉండాలి. చిన్నాయన పోయిన రోజు చిన్నమ్మ చెయ్యి మా అమ్మ చేతిలో ఉంది. ఇద్దరూ కలిసి పరిగెత్తుతుంటే ఏడుస్తూ వెనకాల పరిగెత్తినదాన్ని నేను. గనులు మూసేశాక ఆ సంగు ఆగిపోయింది. ఇప్పుడక్కడ షాఫ్టుల చుట్టూ తుమ్మ కంపే.

చిన్నమ్మ లేచి నిలబడింది. ఒళ్ళోని బాక్సు కింద పడింది, పావురాళ్ళు మూగాయి. ఆమె నేను పోయిన వైపు చూసింది, మళ్ళీ అటూ ఇటూ చూసింది. "పాపా!" అని అరిచింది. ఆ సైరన్‌లో కూడా నాకు వినపడింది. ఇంకోసారి అరిచింది.

నేను లేవలేదు. ఇది రాయడానికి చాలాసేపు కలం ఆపుకున్నాను. లేవకపోవడమే కాదు, నన్ను చూస్తుందేమోనని తల వంచుకున్నాను. ఇప్పుడు ఆగిపోతుందిలే, ఆమే కూర్చుంటుందిలే అనుకున్నాను. లేచి పరిగెత్తితే అంతమందీ చూస్తారు. పైగా కాఫీ ఇంకా సగం ఉంది.

తల ఎత్తేసరికి చిన్నమ్మ ఆ ఫ్రెంచి ముసలమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోతోంది. హవాయి చెప్పులు టపటపలాడిస్తూ, కోటు ఎగురుతూ, విగ్రహం పక్కనుంచి, ఎదురుగా ఉన్న పెద్ద రాతి తోరణం వైపు. ఆ ముసలమ్మ సంచి గట్టు దగ్గరే ఉండిపోయింది. ఎదురుగా ఒక బడి పిల్లల గుంపు వచ్చింది. గుంపు దాటి చూస్తే ఇద్దరూ లేరు.

అప్పుడు లేచాను. హోటలు మనిషి వెనక నుంచి ఏదో అరుస్తున్నాడు, చేతికందిన నోటు టేబులు మీద పడేసి పరిగెత్తాను. సైరన్ ఆగిపోయింది. అది ఆగిన తర్వాత భయం మొదలైంది. ఆమె దగ్గర ఫోను లేదు. కాన్వెంటు పేరు ఆమెకు నోరు తిరగదు. రోడ్డు మీద బండ్లు మనకు తప్పు వైపు నుంచి వస్తాయి. ఆమెకేమైనా అయితే మా చెల్లెలికి ఏం చెప్పాలి, ఊళ్ళో ఏం చెప్పాలి అనుకున్నాను. అప్పుడు కూడా ముందు వచ్చింది ఆ ఆలోచనే, చిన్నమ్మ ఎంత బెదిరిపోయి ఉంటుందోనని కాదు. "చిన్నమ్మా!" అని ఆ తోరణం కింద అరిచాను. గొంతు చించుకుని అరిచాను. అందరూ తిరిగి చూశారు. చూడనీ.

తోరణం అవతల చెట్ల వరసల మధ్య పొడుగాటి ఖాళీ స్థలం ఉంది. అక్కడొక బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఫ్రెంచి ముసలమ్మ చిన్నమ్మ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా ఏదో చెబుతోంది. చిన్నమ్మ రొప్పుతూ తెలుగులో జవాబు చెబుతోంది. ఆమె చిన్నమ్మను తప్పిపోయిన మనిషనుకుని తోడు వచ్చింది. చిన్నమ్మ ఆమెను తీసుకొచ్చానని అనుకుంటోంది.

నన్ను చూడగానే చిన్నమ్మ, "వచ్చినావా పాపా. ఈయమ్మ ఒక్కతే కూర్చోనుండె. చెయ్యి పట్టుకునేకి ఎవరూ రాలేదు, అందుకే నేను పట్టుకొచ్చినాను. లోపల ఎవరుండారో ఏమో, అడిగితే చెప్పలేకుండా ఉండాది. షాఫ్టు యాడుండాదో నువ్వు అడుగు" అంది.

ఆమె నా మొహం చూసింది. తర్వాత చెట్లను చూసింది, చెట్ల మధ్య నడిచిపోతున్న జనాన్ని చూసింది.

"గనులు మూసేసినారు కదా" అని తనే అంది. "మతి పోయింది నాకు. ఈయమ్మను కూడా పరిగెత్తించినాను, పాపం."

సిగ్గుపడింది. సిగ్గుపడవలసింది నేను. మళ్ళీ నా మొహం వైపు చూసి, చెయ్యి ఎత్తి, చీర కొంగుతో నా మూతి తుడిచింది. కొంగుకు తెల్లటి చక్కెర పొడి అంటుకుంది. దాన్ని దులిపేసింది.

ఆ ముసలమ్మకు గట్టు దగ్గర సంచి దొరికింది. పోయేటప్పుడు ఆమె నాతో ఏదో అంది, నా భుజం తట్టింది. తల్లిని జాగ్రత్తగా చూసుకో అని ఉంటుంది. ఏమన్నదో మా చెల్లెల్ని అడగలేదు, అడిగితే జరిగింది చెప్పాలి కదా. ఒంటిగంటకు చెల్లెలు వచ్చి "అమ్మా, సైరన్‌కు భయపడినావా?" అంటే, "పాప ఉండె కదా" అంది చిన్నమ్మ. ఆ మొదటి అబద్ధం నా ముందే ఆడింది. నేను ఫౌంటెన్ వైపు తిరిగి నిలబడ్డాను.

ఊరికి వచ్చిన ఆదివారం, పూజ అయ్యాక, చర్చి ముందర ఆడవాళ్ళందరూ చిన్నమ్మను చుట్టుముట్టారు. పాత లైన్ల మనుషులు ఎక్కువ. "ఏమక్కా, ఎట్లుండె ఫ్రాన్సు?" అన్నారు.

"ఏం చెప్పేదమ్మా! ఒక సర్కిలుండాది, ఈ మైదానమంత. గేట్లకు బంగారు రేకు, కావలోడు లేడు. ఆడ కూర్చోనుంటే సంగు మోగె చూడు, మన సంగు మాదిరే. నా గుండె నిలిచిపోయె."

"అయ్యో యేసయ్యా! అప్పుడేం చేసినావు?"

"పాప పక్కనే ఉండె కదా. మోగీ మోగకముందే చెయ్యి పట్టుకునింది. విడిస్తే గదా!"

అందరూ నావైపు తిరిగారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. "ఎంత చదివినా మన లైన్లో పుట్టిన బిడ్డ, ఆ బుద్ధి యాడికి పోతాది" అంది ఇంకొకామె. నేను కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. చిన్నమ్మ వెనక నుంచి నా చెయ్యి గట్టిగా గిల్లింది.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఎందుకట్లా చెప్పినావు చిన్నమ్మా? నేను నీకు అబద్ధం చెప్పి పోయినాను. నువ్వు పిలిస్తే వినపడింది. అయినా రాలేదు."

"తెలుసు."

"మరి తిట్టు. వాళ్ళకు చెప్పు. నాకు నిద్ర పట్టడం లేదు."

పాత లైన్ల చివర, మూల ఇంటి గడపలో తలుపవ్వ కూర్చుని ఉంది. ఊరంతా ఆమెను అట్లాగే పిలుస్తుంది. ఎప్పుడో సంగు మోగితే పక్కింటికి పోకుండా తలుపేసుకుందని ఆ పేరు. చిన్నప్పుడు అక్క, ఇప్పుడు అవ్వ, ముందు ఆ 'తలుపు' మాత్రం చేర్చే నేనూ పిలిచాను, అది ఏ రోజు సంగో ఎన్నడూ అడగలేదు. చిన్నమ్మ గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదలు.

"మీ చిన్నాయన పోయిన సంగు అది. ఆమె పక్కిల్లే నాది. చెయ్యి పట్టుకునేకి రావాల్సింది ఆమె. రాలేదు, లోపల గడియ పెట్టుకునింది. మీ అమ్మ అవతల లైను నుంచి పరిగెత్తి వచ్చింది. తరువాత నేనే బేజారులో అందరికీ చెప్పినాను పాపా, ఆమె తలుపేసుకునిందని. ఆ పేరు ఇంగ పోలేదు. ఆమె మొగుడు పోయిన పొద్దు చెయ్యి పట్టుకునేకి ఒక్కరూ పోలేదు. నేను కూడా పోలేదు. కొత్తగా పెండ్లయి వచ్చిన పిల్ల, భయపడింది, అంతే కదా. నేను ఒకసారి చెప్పింది చాలు. ఇంగొకసారి చెప్పను."

అని, సంచిలోంచి ఫ్రాన్సు నుంచి తెచ్చిన జపమాల తీసుకుని ఆ గడప వైపు పోయింది. తలుపవ్వ జరిగి చోటిచ్చింది. నేను దారిలోనే నిలబడ్డాను. తలుపవ్వ భయపడి రాలేదు. నేను భయపడలేదు చిన్నమ్మా, కాఫీ చల్లారిపోతుందని రాలేదు. ఆ మాట ఆమె వెనకాల పోయి చెప్పాలనుకున్నాను, ఇంతవరకూ చెప్పలేదు.